‘నచ్చలేదు మావా’ అన్నవాళ్ళూ... ప్రాణం పెట్టినవాళ్ళూ!

“నచ్చలేదు మావా!”

ఇది తిట్టు కాదు. తీర్పూ కాదు. పాట! 2012లో వచ్చిన ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’ చిత్రానికి ఇళయరాజా గారు కట్టిన ఎనిమిది పాటల్లో ఒకటి. పాట పేరే అలా ఉంటే పెదవి విరిచేవాళ్ళకి వేరే మాట వెతుక్కునే శ్రమ ఏముంది? మొత్తం ఆల్బమ్‌కే ఆ రెండు ముక్కలూ సమీక్షగా అతికించేశారు. అవతలి పక్షం ఊరుకుంటుందా? “మీ చెవులకి మంత్రం వేయించుకోండి” అని తిరగబడింది. ఆ తగవుకి పుష్కరం దాటిపోయింది. ఇంకా తెగలేదు!

నేను దాన్ని వెతుక్కుంటూ పోయింది హైదరాబాదుకీ, చెన్నైకీ కాదు. చిత్తూరు జిల్లా శాంతిపురానికి. పలమనేరు వైపు నుంచి కుప్పం పోయే దారిలో, మూడు రాష్ట్రాలు భుజాలు రాసుకునే మూల అది. ఒక దిక్కున కర్ణాటక, కోలారు బంగారు గనులు. మరో దిక్కున తమిళనాడు, కృష్ణగిరి. టీ అంగడి బల్ల మీద నలుగురు కూర్చుంటే మూడు భాషలు దొర్లుతాయి. మిగతా ఆంధ్రదేశం ఆ ఆల్బమ్‌ని తెలుగులో వింది, మెచ్చుకుంది లేదా మానేసింది. ఇక్కడి కుర్రకారు తెలుగులోనూ విన్నారు, ‘నీతానే ఎన్ పొన్‌వసంతం’ పేరుతో తమిళంలోనూ విన్నారు. కనక ఇక్కడి తగాదా డబుల్ తగాదా!

అసలు సంగతేమిటో తెలియని కొత్త పాఠకుల కోసం నాలుగు ముక్కలు. దర్శకుడు గౌతమ్ మేనన్ మొదట్నుంచీ హారిస్ జయరాజ్‌తో పనిచేశారు. 2010లో ‘ఏ మాయ చేసావె’కి రెహమాన్ దగ్గరికి వెళ్ళారు. ఆ పాటలు ఎంత దూరం వెళ్ళాయో మీకు నేను చెప్పక్కరలేదు. ఆ తర్వాతి ప్రేమకథకి రాజాగారి తలుపు తట్టారు. తమిళంలో జీవా, తెలుగులో నాని, రెండింట్లోనూ సమంత. తెలుగు మాటలు అనంత శ్రీరామ్‌వి. రాజాగారికి అప్పటికి 69 ఏళ్ళు. పాటలకి లండన్‌లో రికార్డింగు, వాయించడానికి బుడాపెస్ట్ సింఫనీ వాద్యకారులు. వాళ్ళు ఆయనకి కొత్త కాదు లెండి, 2005లో ‘తిరువాసగం’కీ వాళ్ళే వాయించారు. 2012 సెప్టెంబరు 1న చెన్నైలో తమిళ పాటల విడుదల ఓ పెద్ద తిరునాళ్ళలా జరిగింది.

ఇంత హంగామా చేశాక అభిమాని ఏమనుకుంటాడు? మళ్ళీ ఓ ‘గీతాంజలి’ దిగబోతోందనుకుంటాడు. దిగింది మాత్రం వేరే ఏదో! గోల అక్కడ మొదలైంది.

చిత్రమైన విషయం ఒకటుంది. తమిళ పేరు రాజాగారి సొంత పాటలోంచే తీసుకున్నారు. 1982 నాటి ‘నినైవెల్లాం నిత్యా’లోది. తెలుగు పేరు మాత్రం ‘నిన్నే పెళ్ళాడతా’ పాటలోంచి వచ్చింది. 1996 నాటి ఆ చిత్రానికి సంగీతం సందీప్ చౌతా! అంటే తమిళ అభిమానికి అట్ట మీద పేరు చూడగానే పాత రాజా గుర్తొస్తాడు. మనవాళ్ళకి నాగార్జున, టబూ గుర్తొస్తారు. ఈ తేడా చిన్నదిగా కనబడుతుంది గానీ, శాంతిపురంలో రెండు చెవులతో రెండు భాషలు వినే ఒక పెద్దమనిషి దీన్ని పట్టుకునే వాదన మొదలుపెట్టాడు.

ఆయనకి యాభై దాటాయి. ఒకప్పుడు క్యాసెట్లు రికార్డు చేసే అంగడి నడిపేవాడు. మీలో చాలామందికి ఆ వ్యాపారం తెలియదు. మీరు ఒక కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే, ఖాళీ క్యాసెట్‌లో అటు ఆరు, ఇటు ఆరు ఎక్కించి, అట్ట మీద పచ్చ ఇంకుతో పేర్లు రాసి రెండు రోజుల్లో ఇచ్చేవాళ్ళు. ‘అభిలాష’, ‘సాగరసంగమం’, ‘సితార’, ‘అన్వేషణ’, ‘స్వర్ణకమలం’... ఈయన చేతి మీదుగా ఎన్ని పెళ్ళిళ్ళకి, ఎన్ని బస్సులకి వెళ్ళాయో లెక్కలేదు. రాజా అంటే దేవుడే. ఆ దేవుడి మీదనే ఈయనకి ఫిర్యాదు!

“పాటలు బాగలేవని నేను యాడ చెప్పినా సార్? ట్యూన్లు బంగారం. పాడేదెవరో చూడండి. మా బాలూ లేడు, జానకమ్మ లేదు. తమిళంలో ఒక మంచి పాట తీసుకపోయి కొడుకు చేత పాడించె. ఆయప్ప మ్యూజిక్కు కొట్టమంటే బాగా కొడతాడు. ఆ పాట ఎక్కే మెట్టు ఆయన గొంతుకు దొరకలే. ఇంట్లో బిడ్డ పాడినట్ల ఉండాది.”

ఆయన చెప్పేది యువన్ శంకర్ రాజా పాడిన ‘సాయ్‌న్దు సాయ్‌న్దు’ గురించి. తమిళ అభిమానుల్లో సగం యుద్ధం ఆ ఒక్క పాట మీదే నడిచింది. గొంతులో పదును లేదని ఒకరు, ప్రేమలో పడ్డ కాలేజీ కుర్రాడు పెద్ద విద్వాంసుడిలా పాడతాడా అని మరొకరు. రెండో మాటలో నిజం లేకపోలేదు. కాని ఒక్కటి గమనించండి... గొంతు మీద వచ్చిన ఫిర్యాదు ఆల్బమ్ అంతటి మీదికీ పాకిపోయింది. గాయకుడు నచ్చకపోతే వయొలిన్లు కూడా చేదైపోయాయి!

“మరి మీ రోజుల్లో అందరూ ఒప్పుకున్నారా?” అన్నాను.

ఆయన నవ్వాడు. వాళ్ళ నాయన ఘంటసాల మనిషట. ఇంట్లో ‘అభిలాష’ పెడితే, “ఆ డ్రమ్ముల మోతేందిరా, పాట వినపడనీరా?” అని టేప్‌రికార్డర్ గుడ్డ కప్పేసేవాడట. ఇంకో ముచ్చట కూడా చెప్పాడు. 1986లో రాజాగారు ‘హౌ టు నేమ్ ఇట్?’ అని ఒక ఆల్బమ్ చేశారు. త్యాగరాజస్వామికీ, జర్మనీ సంగీతజ్ఞుడు బాఖ్‌కీ అంకితం. పాట లేదు, పాడే మనిషి లేడు, అంతా వాద్యాలే. ఆ క్యాసెట్ తెచ్చి అంగట్లో పెడితే, “ఏం అన్నా, పాటలు ఎక్కించడం మరిసిపోయినావా?” అని వెనక్కి ఇచ్చేసిన గిరాకీ ఉన్నాడట! ఇవాళ అదే ఆల్బమ్ పేరెత్తితే చెంపలేసుకునే అభిమానులు ఎంతమంది!

“అయితే పాతికేళ్ళు పోతే దీనికీ చెంపలేసుకుంటారా?”

“దానికి గొంతు లేదు కాబట్టి బతికిపోయింది సార్. దీనికి గొంతులుండాయే!”

ఈ జవాబుకి నా దగ్గర జవాబు లేదు.

* * *

ఇక అవతలి పక్షం. మొబైల్ అంగట్లో పనిచేసే ఓ కుర్రాడు. వయసు ముప్పైలోపే. ఆల్బమ్ వచ్చిన రోజుల్లో మెమరీ కార్డులో పాటలు ఎక్కించి ఇచ్చే పని ఇతనిదే. అంటే మన క్యాసెట్ పెద్దాయనకి వృత్తి వారసుడన్న మాట. పడేది మాత్రం నిత్యం తగాదానే!

“వాళ్ళకి 1985 కావాల సార్. రాజా సార్ మళ్ళా అదే చేస్తే ‘ముసలోడయిపోయినాడు, పాతదే తిప్పి కొడుతుండాడు’ అంటారు. కొత్తగా చేస్తే ‘ఇది మా రాజా కాదు’ అంటారు. ఆ మనిషి ఏం చెయ్యాల?”

ఇతని ప్రాణం ‘కోటి కోటి’ పాట. తమిళంలో ‘కాట్రై కొంజం’. కార్తీక్ పాడాడు. దాని మీద ఎవరికీ పేచీ లేదు, క్యాసెట్ పెద్దాయనతో సహా. “అది వింటే మా పాత రాజా తలుపు సందులో తొంగి చూసినట్టుంది” అంటాడాయన. పేచీ అంతా మిగతావాటి మీదే. మొదటి బిట్టు ఒక దారిన పోతుంది. రెండోది ఇంకెటో మలుపు తిరుగుతుంది. చరణం ఎక్కడ ముగిసిందో, పల్లవి ఎక్కడ అందుకోవాలో ఒక్కసారి వింటే పట్టుబడదు. ‘నచ్చలేదు మావా’ అయితే రాక్ గిటార్లతో మొదలై, నడుమ ఠపీమని వీధి డాన్సు పాటలోకి దూకేస్తుంది. మొదటిసారి విన్నప్పుడు పక్క రేడియో స్టేషన్ కలిసిపోయిందేమో అనిపిస్తుంది!

కుర్రాడికి అదే గొప్ప. “పది సార్లు విన్నాక పదకొండోసారి కొత్త వయొలిన్ వినపడుతుంది సార్.”

“పది సార్లు వినేదానికి నాకేమి పనిలేదా?” అని పెద్దాయన.

ఆ సాయంత్రం నాకొక ఆలోచన తట్టింది. ఇద్దర్నీ ఒకేచోట కూర్చోబెట్టి, ఒకే పాట రెండు రకాలుగా వినిపిద్దామని. మొదట అంగట్లో ఉన్న పెద్ద బాక్సు స్పీకర్ మీద పెట్టించాను. జాతరల్లో, పెళ్ళి ఊరేగింపుల్లో మోగే రకం అది. నిజం చెప్పొద్దూ, పెద్దాయనే గెలిచాడు! డ్రమ్ము ధన్‌ధన్‌మని గుండెల మీద కొడుతోంది, గొంతు ముందుకొచ్చి అరుస్తోంది, వెనక బుడాపెస్ట్ వాళ్ళు ఉన్నారో లేదో కూడా తెలియడం లేదు. “ఇదిగో, ఇదీ నేను చెప్పేది” అన్నాడాయన.

తర్వాత అదే పాట, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఒక నిమిషం తర్వాత వేలు గాల్లోకి లేచింది. వయొలిన్లు ఒక వరస కింద ఇంకో వరసగా దిగుతున్న చోట ఆ వేలు కూడా దిగింది. పాట అయిపోయాక ఇయర్‌ఫోన్ తీసి, “వెనకాల ఇంత పని ఉండాదా!” అన్నాడు. అని ఊరుకున్నాడా? “గొంతు మాత్రం అదే గొంతు” అని తన జెండా తాను పాతుకున్నాడు.

పుష్కరం పాటు జరిగిన ఈ పోట్లాటలో కొంత భాగం సంగీతం మీద కాదేమో, దేంట్లో విన్నారన్న దాని మీదేమో అని నాకు అనిపించింది. 80ల్లో రాజాగారి దళం వేరు. కీబోర్డు మీద విజి మాన్యుయెల్, డ్రమ్స్ మీద పురుషోత్తమన్, గిటార్ సదానందం, బాస్ శశిధరన్, ఫ్లూట్ నెపోలియన్... ఒకే స్టూడియోలో, ఏళ్ళ తరబడి, రాజాగారు రాసిచ్చిన నొటేషన్ కాగితాలు ముందు పెట్టుకుని వాయించిన మనుషులు. వాళ్ళ వేళ్ళు మన చెవులకి అలవాటయ్యాయి. అది ఎర్రబస్సులో పగిలిన స్పీకర్ మీద విన్నా పట్టుబడేది. కొత్త ఆల్బమ్‌లో కాగితం ఆయనదే, వేళ్ళు వేరు, గది వేరు, ఆ ధ్వనిని కలిపి తూచిన పద్ధతి వేరు. ఆ తూకంలో డ్రమ్ము బరువు పెరిగిందన్నది నా అభిప్రాయం కూడా. అంతటి వయొలిన్లని పిలిపించి మూలన కూర్చోబెట్టినట్టు!

అభిమానుల పోట్లాట మన ఒక్కరి సొత్తు కాదు సుమండీ. కుప్పం రైలెక్కి బెంగుళూరు పనులకి పోయే కుర్రాళ్ళలో ఇంగ్లీషు రాక్ వినేవాళ్ళూ ఉన్నారు. 2011 అక్టోబరు 30న మెటాలికా బృందం బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. జనం వెర్రెత్తిపోయారు. ఆ మర్నాడే లూ రీడ్ అనే పాత గాయకుడితో కలిసి వాళ్ళు చేసిన ‘లులు’ ఆల్బమ్ విడుదలైంది. ప్రపంచమంతా అభిమానులే దుమ్మెత్తి పోశారు! నిన్న జేజేలు, ఇవాళ ఛీఛీలు. డేవిడ్ బౌవీ వంటి మహామహుడు మాత్రం దాన్ని గొప్ప పని అని మెచ్చుకున్నాడని లూ రీడ్ భార్య లారీ ఆండర్సన్ తర్వాత చెప్పింది. శాంతిపురం టీ అంగడికీ, ఆ ప్రపంచానికీ తేడా భాషలోనే!

* * *

ఈ తగవులో పాలుపంచుకున్న మూడో మనిషి కుప్పంలో చదివే డిగ్రీ విద్యార్థిని. ఆల్బమ్ వచ్చినప్పుడు ఆమెకి ఏడేళ్ళు. ఇంట్లో అమ్మ తమిళం, నాన్న తెలుగు. ఈ పాటల మీద ఇంత యుద్ధం జరిగిందని తెలిసి ఆమె కళ్ళు పెద్దవి చేసింది. “దీని మీద గొడవెందుకు సార్? నాకు చిన్నప్పటి నుంచి ఇవి పాత పాటలే!” ఆమెకి ‘గీతాంజలి’ ఎంత పాతో ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’ అంతే పాత.

ఆమె పేచీ వేరు. మాటల మీద. తమిళ బాణీ కొలతకి తెలుగు మాట కూర్చడం అంటే చొక్కా కుట్టేశాక మనిషిని వెతకడం లాంటిది. “తమిళంలో ఆ చోట చిన్న మాట పడి ఆగుతుంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కదా సార్, ఆగదు, జారుతుంది. కొన్నిచోట్ల ఆ జారడమే నాకు బాగుంటుంది. మా అమ్మ ఒప్పుకోదు.” అనంత శ్రీరామ్ ఈ కొలతల్లో మనిషిని బాగానే నిలబెట్టాడని ఆమె తీర్పు. ‘లాయి లాయి’ తెలుగులోనే వింటుందట, తమిళం వచ్చి కూడా! ఇంత సూక్ష్మంగా విన్న అభిమాని పెద్ద పట్నాల్లో నాకు తగల్లేదు.

సినిమా సంగతి కూడా చెప్పుకోవాలి. 2012 డిసెంబరు 14న విడుదలైంది. కొందరికి నచ్చింది, చాలామందికి సాగదీసినట్టనిపించింది. హాల్లోంచి సినిమా వెళ్ళిపోతే పాటలకి దిక్కెవరు? 2012 నాటి నంది అవార్డులు చాలా ఆలస్యంగా, 2017లో ప్రకటించారు. నానికి, సమంతకి ఉత్తమ నటన నందులు వచ్చాయి. సంగీతానికి ‘ఈగ’ చేసిన కీరవాణి గారితో పాటు రాజాగారికీ ఇచ్చారు. “చూసినావా అన్నా” అని మొబైల్ కుర్రాడు. “నంది వస్తే నా చెవి మారతాదా?” అని పెద్దాయన. ఆయనే ఇంకో మాట కూడా వేశాడు. అంతకు ముందే, 2011లో, బాపు గారి ‘శ్రీరామరాజ్యం’కి ఇదే రాజా పాటలు చేస్తే ఊళ్ళో ఒక్క మనిషి కూడా నోరెత్తలేదట. “ఆయన చెయ్యలేక కాదు సార్... చెయ్యనన్నాడు!”

ఆ ‘చెయ్యనన్నాడు’ అన్న మాటలోనే అసలు ముల్లుంది. అభిమాని కోపం ఆయనకి చేతకానందుకు కాదు. మనకోసం మళ్ళీ పాత ఇంటికి రానందుకు. నా ఓటు అడిగితే, బాణీల వరకు మొబైల్ కుర్రాడికి, గొంతుల దగ్గర పెద్దాయనకి. ఇద్దరూ నన్ను పిరికివాడన్నారు. అననీండి!

ఈ రాజా 2025 మార్చి 8న లండన్‌లో ‘వేలియంట్’ అనే తన సింఫనీని రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా చేత వాయింపించారు. 81 ఏళ్ళ వయసులో. అందులో పల్లవీ లేదు, చరణమూ లేదు. దాని మీద ఇంకా పోట్లాట రాలేదేమని అడిగితే, “ఇంకా ఎవురూ పూర్తిగా వినలే సార్” అన్నాడు పెద్దాయన నిజాయితీగా.

ఈ వాదాలన్నిటి నడుమ నోరు మెదపకుండా కూర్చున్న మనిషి ఒకడున్నాడు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి, మే నెలలో కుప్పం గంగమ్మ జాతర రోజుల్లో ప్రోగ్రాములకి కీబోర్డు వాయిస్తాడు. అభిమానులకి ఇది వాదన. ఈయనకి బత్తెం! జనం చీటీలు రాసి పంపిస్తేనే పాట, పాటకే చదివింపులు. ఇన్నేళ్ళలో ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’ పాట అడుగుతూ తనకి వచ్చిన చీటీలు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఒక చేతి వేళ్ళు మిగిలిపోయాయి. ‘జగదేకవీరుడు’ చీటీలు రోజూ వస్తాయి.

“నచ్చలేదా మీకు?” అన్నాను.

“నచ్చడమేంది సార్, నేర్చుకునేదానికి నెలలు పట్టింది. నలభై వయొలిన్ల పని రెండు చేతులతో యాడ వాయించేది? సగమే వస్తుంది. ఆ సగం వాయిస్తే పందిట్లో ఎవురూ గుర్తుపట్టరు. డబ్బులు రావు.”

అయినా మానలేదట. భోజనాల వేళ, పాడేవాళ్ళు కూడా బంతిలో కూర్చున్నప్పుడు, ఎవరూ వినని ఆ ముప్పావు గంటలో, డ్రమ్ము ఆపేసి, ఆ ఆల్బమ్‌లోని వయొలిన్ వరసలు ఒక్కొక్కటే కీబోర్డు మీద దించుకుంటాడట. క్రితం పెళ్ళిలో సాంబారు బక్కెట్టుతో పోతున్న వడ్డించే కుర్రాడు ఆగిపోయి, “అన్నా, ఇది ఏ సినిమాలోది?” అని అడిగాడు. ఈయన పేరు చెప్పేలోపు బంతి చివర్నించి ఎవరో సాంబారుకి కేకేశారు.